ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు చనిపోయిన పాత సభ్యులను ఎలా గుర్తుచేసుకుంటాయి?

ఎక్కువగా రెండు పద్ధతులు. ఏటా వచ్చే కాలేజీ పత్రికలో నివాళి వ్యాసాలు వేస్తారు. వాటిని చాలాసార్లు కుటుంబసభ్యులో, తోటి విద్యార్థులో రాస్తారు. రెండోది చాపెల్ (కాలేజీలోని ప్రార్థనా మందిరం) గోడల మీద స్మారక ఫలకాలు.

నా దృష్టిలో వీటన్నిటిలో గొప్పది ఆక్స్‌ఫర్డ్‌లోనే ‘న్యూ కాలేజీ’ అనే కాలేజీ చాపెల్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు వ్యతిరేకంగా, జర్మనీ తరఫున పోరాడి చనిపోయిన ముగ్గురు పాత విద్యార్థుల పేర్లు అక్కడ ప్రత్యేకంగా చెక్కించారు. పరాయి దేశం నుంచి వచ్చి ఈ చోటికి వారసులయ్యారనీ, తిరిగి వెళ్లి తమ దేశం కోసం ప్రాణాలిచ్చారనీ దాని భావం. అదే యుద్ధంలో ఆ కాలేజీ తన సొంత కుర్రాళ్లను ఎంతోమందిని పోగొట్టుకుంది. అయినా వీళ్లనీ తన పిల్లలుగానే లెక్కేసింది. ఎంత పెద్ద మనసు!