ఫోన్ తీసినా దొరకని క్లూలు కావాలి

ప్రశ్న: మా టౌన్‌లో పాత స్టేషన్ ఉంది, దాని ముందు షోకి పెట్టిన స్టీమ్ ఇంజిన్, ఇప్పుడు వాడని ఒక సిగ్నల్ స్తంభం కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి పజిల్స్‌తో ట్రెజర్ హంట్ పెడదామనుకుంటున్నాం. కానీ ఎంత ఆలోచించినా "స్టేషన్ ఏ సంవత్సరంలో కట్టారు" లాంటి ప్రశ్నలే వస్తున్నాయి. అందరూ ఫోన్‌లో చూసేస్తారేమో?
– ఒక పాఠకురాలు

జవాబు: చూసేస్తారేమో ఏంటండీ, కచ్చితంగా చూసేస్తారు! అది క్విజ్ అవుతుంది గానీ ట్రెజర్ హంట్ కాదు. అక్కడికెళ్లి కళ్లారా చూస్తే తప్ప జవాబు రాకూడదు, అలా ఉండాలి క్లూ.

మీకు ఇంజిన్ ఉందన్నారు కదా, సగం పని అయిపోయినట్టే. స్టీమ్ ఇంజిన్లని చక్రాల లెక్కతో పిలుస్తారు, ఫ్రెడరిక్ వైట్ అనే ఆయన పద్ధతి అది, ముందు చిన్న చక్రాలు ఎన్ని, మధ్యలో ఇంజిన్‌ని నడిపే పెద్ద చక్రాలు ఎన్ని, వెనక ఎన్ని అని. 2-8-2 అయితే మికాడో, 4-6-2 అయితే పసిఫిక్. మూడంకెల తాళానికి ఇంతకంటే ఏం కావాలి? ఇందులో తమాషా ఏంటంటే ఒక పక్క నిలబడి లెక్కపెడితే మికాడోకి 1-4-1 వస్తుంది, తాళం రాదు, ఎందుకంటే వైట్ లెక్కలో రెండు పక్కల చక్రాలూ కలుస్తాయి. క్లూలో "అవతలి పక్క కూడా చూశారా?" అని ఒక్క ముక్క పెట్టండి చాలు. టెండర్, అంటే ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి, దాని చక్రాలు మాత్రం లెక్కలోకి రావు, అది ముందే చెప్పేయండి, లేకపోతే గొడవలవుతాయి.

అదే ఇంజిన్ కింద పట్టాల మధ్య దూరం టేపుతో కొలిపించొచ్చు, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి. అయితే మిల్లీమీటర్ దాకా కరెక్ట్‌గా ఎవరూ కొలవలేరు కాబట్టి 1000, 1067, 1435, 1676 అని నాలుగు గేజులు రాసిచ్చి దగ్గరగా ఉన్నది తీసుకోమనండి, అది నాలుగంకెల తాళానికి.

సిగ్నల్ విషయం, పాత సెమాఫోర్ (స్తంభం మీద కదిలే చెయ్యి లాంటి పలక ఉండే సిగ్నల్) చెయ్యి అడ్డంగా ఉంటే ఆగమని, వాలి గానీ పైకి లేచి గానీ ఉంటే పొమ్మని. చిన్న బొమ్మలు గీసి అడ్డం అంటే గీత, వాలితే చుక్క అనుకోండి, టెలిగ్రాఫ్‌లో వాడిన చుక్కలు, గీతల మోర్స్ కోడ్‌లో ఒక మాట దాచేయొచ్చు. పాత స్టేషన్లకి టెలిగ్రాఫ్‌తో ఎలాగూ చుట్టరికం ఉంది.

క్లూ కార్డులు పాత అట్ట టిక్కెట్ల సైజులో చేయండి, సుమారు 57 × 31 మిల్లీమీటర్లు. 1830ల్లో ఇంగ్లండ్‌లో థామస్ ఎడ్మండ్‌సన్ మొదలుపెట్టినవి, ప్రతిదానికీ వరుస నంబర్ ఉండేది. కార్డులు కలిపేసి ఇవ్వండి, నంబర్ల వరుసలో పేర్చితేనే వాక్యం రావాలి.

ఇక షోకి పెట్టిన ఇంజిన్ కింద ఉన్నవి తప్ప వేరే పట్టాల మీదకి మాత్రం ఎవర్నీ పంపొద్దు, రైళ్లు తిరగని లైన్ అనుకున్నా సరే. రైలు పట్టా పక్క భాగం మీద తయారీ కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి, మంచి క్లూ, కానీ దానికి ట్రాక్ దిగక్కర్లేదు. పాత పట్టా ముక్కల్ని కంచె స్తంభాలుగా పాతేస్తుంటారు, స్టేషన్ బయట వెతకండి, రంగు పొరల కింద ఆ అక్షరాలు కనపడొచ్చు. స్టేషన్ లోపల ఏదైనా పెట్టాలంటే మాత్రం ముందుగా స్టేషన్ మాస్టర్ని అడగండి, చెప్పకుండా తాళం వేసిన డబ్బా వదిలేసి వచ్చారంటే అనుమానంతో పోలీసుల్ని పిలుస్తారు.