వైశాఖమా, శ్రావణమా?

మాది గోదావరి లంక ఊరు. అమ్మాయి పెళ్ళికి పంతులుగారు రెండు ముహూర్తాలు పెట్టారు: వైశాఖంలో రాత్రి 10.40కి, శ్రావణంలో తెల్లవారుజామున 4.20కి. అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ తొలిచూలు వాళ్ళు, అందుకని జ్యేష్ఠం వద్దన్నారు. పెళ్ళి మా ఇంటి దగ్గరే. వియ్యాలవారు వైశాఖమే కావాలంటున్నారు. ‘ఆ ఎండలకి జనం పడిపోతారు’ అంటూ మా ఆయన శ్రావణం పట్టుకుని కూర్చున్నారు. వారం నుంచి ఇంట్లో మాటల్లేవు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

అమ్మా,

శ్రావణం వద్దు. అది గోదావరికి వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునిగి జనం పడవలెక్కడం మీరూ వింటున్నదే. 1986 ఆగస్టు వరద మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజాము ముహూర్తానికి మగపెళ్ళివారిని చీకట్లో ఏరు దాటించడానికి నా మనసొప్పడం లేదు.

మీవారి బెంగ ఎండ గురించి కాదేమో. వైశాఖానికి రెండో పంట దాళ్వా కోతలు అప్పుడప్పుడే అవుతాయి, ధాన్యం డబ్బు ఇంకా చేతికి రాదు. శ్రావణానికైతే వస్తుంది. కూతురి పెళ్ళికి డబ్బు చాలదని నోరు విప్పి చెప్పడం ఏ తండ్రికైనా కష్టమమ్మా. రాత్రి భోజనాలయ్యాక, పక్కన ఎవరూ లేనప్పుడు మీరే ఎత్తండి: ‘వంటవాళ్ళకీ షామియానాకీ సగం ఇప్పుడిచ్చి, మిగతాది ధాన్యం డబ్బు పడ్డాక ఇస్తామని అడుగుదామా?’ శ్రావణమే ఎందుకని మాత్రం నిలదీయకండి.

ఇక ఎండంటారా, పనులు సర్దుకుంటే గట్టెక్కుతాం. మంగళస్నానాలు పొద్దున్న ఎనిమిదిలోపు అయిపోవాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఏ తంతూ పెట్టొద్దు. రాత్రి వంట మూడు దాటాకే పొయ్యెక్కాలి. మధ్యాహ్నం వండిన పప్పూ కూరా ఆ ఉక్కకి పాడైపోతాయి. పొద్దుగూకాక ఎదురుసన్నాహం, ఏడున్నరకి మొదటి బంతి. ముసలివాళ్ళూ పిల్లలూ అందులోనే తినెయ్యాలి, జీలకర్ర బెల్లం దాకా ఆగమనకండి.

అన్నిటికంటే అమ్మాయి ఉపవాసం చూసుకోండి. ఒక పెళ్ళిలో మేనమామలు బుట్టలో మోసుకొస్తుంటే నా కళ్ళముందే పెళ్ళికూతురు సొమ్మసిల్లిపోయింది. పట్టుచీర, పూలజడ, పొద్దున్నుంచీ గుక్కెడు మంచినీళ్ళు లేవు. కోనసీమలో కొబ్బరిబోండాలకి కరువా? పంతులుగారితో ముందే ఒక మాట అనుకుని, గంటకొకటి కొట్టించి దగ్గరుండి తాగించండి.

జనరేటరుకి ఇవాళే కబురు పెట్టండి. వైశాఖం ముహూర్తాల్లో ఆఖరి నిమిషంలో అవి దొరకవు.