ఐరన్ దాచిపెట్టకండి, అతుకు చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. బాబు పదో తరగతి. పుస్తకం తీయమంటే ఎలక్ట్రానిక్ బోర్డుల మీద భాగాలను అతికే సోల్డరింగ్ ఐరన్ ముందేసుకుని కూర్చుంటాడు. టేబుల్ కాల్చాడు. ఆ పొగలో సీసం ఉంటుందని భయమేసి ఐరన్ బీరువాలో పెట్టేశాను. ఈ పిచ్చి చదువుకు అడ్డమా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు పొగ సంగతి. ఐరన్ వేడికి సీసం ఆవిరైపోదు. అతుకు కోసం కరిగించే సోల్డర్ తీగను మనవాళ్లు లెడ్ అంటారు. ఆ పొగ ఆ తీగ లోపల, అతుకు బాగా పట్టడానికి ఉంచే ఫ్లక్స్ అనే పదార్థానిది. అలాగని మంచిదేమీ కాదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ ఇబ్బంది. కిటికీ తెరిచి, చిన్న ఫ్యాన్ పొగను బయటికి లాగేలా పెట్టమనండి. సీసం చేతులకు అంటుకుంటుంది కాబట్టి పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. టేబుల్ కాలింది స్టాండ్ లేకపోవడం వల్లే అయ్యుంటుంది.

ఇక ఇది పిచ్చో, ఆసక్తో మీరే తేల్చుకోవచ్చు. వాడు చేసిన బోర్డొకటి కిటికీ వెలుతురులో తిప్పి చూడండి. అతుకు మెరుస్తూ, అతికించిన భాగం కాలు (దాని తీగ కొస) చుట్టూ చిన్న గుట్టలా నున్నగా వాలి ఉంటే చెయ్యి కుదిరినట్టే. బూడిద రంగులో ఉండలా కూర్చుందంటే బిట్ (ఐరన్ మొన) మీద లెడ్ కరిగించి పైన పూస్తున్నాడన్నమాట. ముందు ప్యాడ్‌నీ (బోర్డు మీద కాలు చుట్టూ ఉండే రాగి చుక్క) కాలునీ కలిపి వేడి చేయాలి, తర్వాత లెడ్ అక్కడ తాకించాలి. రెండు మూడు సెకన్ల పని. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న తీగ 183 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పని ముగించేటప్పుడు బిట్‌కు కాస్త లెడ్ పట్టించి ఆపాలి. మన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినట్టే ఇదీను. నల్లబడిందని ఆకురాయితో గీస్తే బిట్ పాడవుతుంది.

ఒక్కమాట మాత్రం నిజం. సోల్డరింగ్ ఒక్కటే వస్తే మంచి జీతం రాదు, ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం మెషీన్లే చేస్తాయి. కానీ కొత్త డిజైన్‌కు మొదటి బోర్డు తయారుచేసేటప్పుడు, తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఈ చెయ్యి కావాలి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) పూర్తిచేసి, కరెంటు, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడానికి తడబడే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. బాధనిపిస్తుంది.

లెక్కలు బాగా వస్తే పీయూసీ (మన ఇంటర్ లాంటిది), తర్వాత ఈసీఈ. లెక్కలంటే టెన్షన్ పడుతూ, చేత్తో చేస్తే అర్థం చేసుకునే పిల్లాడైతే మూడేళ్ల డిప్లొమానే నా ఓటు. తర్వాత డిప్లొమా చేసినవాళ్లకు కర్ణాటకలో పెట్టే ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి బీఈ రెండో ఏడాదిలో చేరొచ్చు. సీట్లిచ్చేటప్పుడు కర్ణాటకలో ఎన్నేళ్లు చదివాడో చూస్తారు, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే జాగ్రత్త చేయండి.

పరీక్షలయ్యేదాకా వారానికి రెండు సాయంత్రాలు చాలు. అవి మాత్రం వాడికివ్వండి. అయ్యాక మీరే వెంట వెళ్లి బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్‌లో ఒక స్టాండు, లెడ్ పీల్చే పంపు, వేడి తగ్గించుకునే వీలున్న ఐరన్ కొనిపెట్టండి.