మండీ అప్లికేషన్‌కు ఏ వెబ్ సర్వర్?

ప్రశ్న: కర్నూలు మార్కెట్‌లో ఉల్లి కమీషన్ మండీ నడుపుతున్న మా మామయ్య కోసం జాంగోతో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే సాధనం) ఒక చిన్న అప్లికేషన్ రాశాను. గుమాస్తా ప్రతి లాటు తూకం చీటీనీ ఫోనులో ఫోటో తీసి అందులోకి ఎక్కిస్తాడు. కోడుమూరు, దేవనకొండ, ఆలూరు వైపు రైతులు తమ సరుకు ఎంత తూగిందో, ఏ ధర పలికిందో, డబ్బు ఎంత జమ అయిందో ఇంటి దగ్గరే చూసుకోవాలి. ఇప్పటికి నా కంప్యూటర్‌లో జాంగోతో పాటు వచ్చే రన్‌సర్వర్‌తో నడుస్తోంది. ఒక కోర్, 1 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌ను అద్దెకు తీసుకున్నాను. వెబ్ సర్వర్‌గా అపాచీ చాలునని ఒకరు, ఎన్‌జినెక్స్ తప్పదని మరొకరు, అనేక యంత్రాల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ పెట్టమని ఇంకొకరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఎన్‌జినెక్స్, దాని వెనుక జాంగో ప్రోగ్రామ్‌ను నడిపే గునికార్న్, రెండూ అదే అద్దె సర్వర్‌లో పెట్టుకోండి. రన్‌సర్వర్‌ను మాత్రం అక్కడ వాడకండి. అది ప్రోగ్రామ్ రాసే దశలో పరీక్షించుకోవడానికి ఇచ్చిన సాధనమే కానీ బయటి జనానికి తెరిచి పెట్టదగినది కాదని జాంగో పత్రాలే స్పష్టంగా చెబుతున్నాయి.

ఎన్‌జినెక్స్ ఎందుకంటే ఎక్కువ మంది వస్తే తట్టుకోవడానికి అని చాలామంది చెబుతారు. మీ విషయంలో అసలు కారణం అది కాదు, నిదానంగా నడిచే ఫోన్లు. మామూలు పద్ధతిలో గునికార్న్ వర్కర్ (దాని తరఫున పనిచేసే ప్రాసెస్) ఒక సమయంలో ఒక్క అభ్యర్థననే, అంటే ఫోను నుంచి వచ్చే ఒక్క కోరికనే, చూస్తుంది. కోర్ల సంఖ్యను రెండుతో హెచ్చించి ఒకటి కలపమని గునికార్న్ పత్రాలు సూచిస్తాయి కాబట్టి మీకు మూడు వర్కర్లు ఉంటాయి. సిగ్నల్ సరిగా అందని చోట నుంచి ముగ్గురు ఒకేసారి ఫోటోలు ఎక్కిస్తున్నారనుకోండి, ఆ మూడు వర్కర్లూ ఫోటో ముక్కలు వచ్చేదాకా ఖాళీగా కాచుకుని ఉంటాయి, నాలుగో మనిషికి ఎంత మంచి సిగ్నల్ ఉన్నా పేజీ తెరుచుకోదు. పైగా ఒక వర్కర్ 30 సెకన్లు దాటి ఒకే పనిలో చిక్కుకుంటే గునికార్న్ దాన్ని ఆపేసి కొత్తదాన్ని మొదలుపెడుతుంది, ఫోటో సగంలోనే పోతుంది. ఎన్‌జినెక్స్ ముందు నిలబడితే అభ్యర్థన మొత్తాన్ని తానే అందుకుని, పూర్తయ్యాకే వర్కర్‌కు ఇస్తుంది. జవాబును వర్కర్ నుంచి వెంటనే తీసుకుని, ఫోను ఎంత నిదానంగా దించుకున్నా తానే ఓపికగా పంపుతుంది. వేలాది కనెక్షన్లను తక్కువ మెమరీతో పట్టి ఉంచాలన్న ఉద్దేశంతోనే ఇగోర్ సిసోయెవ్ దాన్ని తయారుచేసి 2004లో విడుదల చేశారు.

అపాచీ కూడా మంచిదే. చాలా కనెక్షన్లను చూసుకునే దాని ఈవెంట్ పద్ధతీ, జాంగోను అందులో నడిపే మాడ్ డబ్ల్యూఎస్‌జీఐ మాడ్యూలూ మీకు ఇదివరకే చేతికి అలవాటైన పనులైతే మారనవసరం లేదు. కుబర్నెటీస్ ఆలోచన మాత్రం మానుకోండి. క్యూబ్‌అడ్మిన్ అనే స్థాపన సాధనంతో దాన్ని నెలకొల్పడానికే ఒక్కో యంత్రానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలంటారు, మీ దగ్గర ఉన్నది అందులో సగం.

ఇక మీకు తప్పకుండా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఎన్‌జినెక్స్ మొదటి అమరికలో అభ్యర్థన పరిమాణం 1 ఎంబీ దాటకూడదు. ఈనాటి ఫోన్లలో తీసిన చీటీ ఫోటో ఆ హద్దును సులభంగా దాటుతుంది. గుమాస్తాకు 413 అన్న అంకె కనిపిస్తుంది, అభ్యర్థన జాంగో దాకా రాదు కనుక మీ జాంగో లాగ్‌లో ఆనవాలు కూడా ఉండదు. ఎన్‌జినెక్స్‌లోని క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అన్న హద్దును 10 ఎంబీకి పెంచండి. వీలైతే ఫోటోను ఫోనులోనే చిన్నది చేసి పంపించే ఏర్పాటు చేయండి, పల్లెల్లోని నెట్‌కు అదే అసలైన మేలు.

జనానికి తెరిచే ముందు జాంగోలోని డీబగ్‌ను (తప్పుల వివరాలు చూపే పరీక్షా స్థితి) ఆపగానే పేజీల రంగులూ అమరికా మాయమైతే కంగారు పడకండి. ఆ స్థితిలో జాంగో స్టాటిక్ ఫైళ్లను (రంగులు, అమరికల ఫైళ్లు) తానుగా అందించదు. కలెక్ట్‌స్టాటిక్ ఆదేశంతో వాటిని ఒక ఫోల్డర్‌లోకి చేర్చి, ఆ ఫోల్డర్‌ను ఎన్‌జినెక్స్‌కు చూపండి. అయితే చీటీల ఫోటోలను కూడా అదే తీరున తెరిచి పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. వాటిలో రైతు పేరు ఉంటుంది, అతని రాబడి ఉంటుంది, వెబ్ చిరునామా తెలిసిన ఎవరైనా వాటిని చూడగలిగే పరిస్థితి రాకూడదు. ఫోటోల ఫోల్డర్‌ను ఎన్‌జినెక్స్‌లో ఇంటర్నల్ (బయటి నుంచి నేరుగా తెరవలేనిది) అని ప్రకటించి, లాగిన్ అయినది ఆ రైతేనా అని జాంగో సరిచూసిన తరువాత ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ హెడర్ (ఏ ఫైలు పంపాలో ఎన్‌జినెక్స్‌కు చెప్పే గుర్తు) ద్వారా ఫోటోను పంపించండి. పరిశీలన మీ ప్రోగ్రామ్ చేస్తుంది, మోత ఎన్‌జినెక్స్ మోస్తుంది.

గునికార్న్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే సాధనం) సర్వీసుగా పెట్టి, రీస్టార్ట్‌కు ఆల్వేస్ అని రాసి, ఎనేబుల్ చేస్తే సర్వర్ ఆగి లేచినా అది తనంతట తానే మొదలవుతుంది. అది యూనిక్స్ సాకెట్ (ఒకే యంత్రంలోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) మీదే వినేలా చేయండి, బయటి నుంచి నేరుగా దాన్ని తాకే దారి ఉండదు. హెచ్‌టీటీపీఎస్ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. ప్రస్తుతం దాని గడువు 90 రోజులే కనుక పునరుద్ధరణను సెర్ట్‌బాట్ అనే సాధనానికి అప్పగించి, డ్రై-రన్ ఐచ్ఛికంతో ఒకసారి పరీక్షించి చూసుకున్నాకే లింకును రైతులకు పంపండి.