రెడ్ కార్డు తిన్న పిల్ల రిఫరీ అవుతానంటోంది

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. కూర్మన్నపాలెంలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మూడేళ్లుగా రగ్బీ ఆడుతోంది, ఏడుగురు ఆడే సెవెన్స్. మొన్న జిల్లాల మధ్య పోటీలో రిఫరీతో వాదించి ఎల్లో కార్డు తెచ్చుకుంది. తిరిగి గ్రౌండులోకి వెళ్లి ఇంకో మాట అంది. రెండో ఎల్లో, దాంతో రెడ్. జట్టు ఓడిపోయింది. కోచ్ మందలిస్తాడనుకుంటే ఆయన కూడా రిఫరీనే తిట్టాడు. పైగా "రిఫరీ అటు తిరిగినప్పుడు జెర్సీ పట్టి లాగడం నేర్చుకోండి" అని పిల్లలకు చెప్పాడట. ఇప్పుడు మా అమ్మాయి "వీళ్లకి రూల్సే రావు, నేనే రిఫరీనవుతా" అని పట్టు పట్టింది. రాత్రిళ్లు ఫోన్లో విదేశీ మ్యాచులు చూస్తూ రిఫరీల తప్పులన్నీ నోటుబుక్కులో రాస్తోంది. వాళ్లమ్మకి తలకి దెబ్బ తగులుతుందని భయం. ఇందులో ఉద్యోగం ఉందా? మాన్పించెయ్యమంటారా?

జవాబు: మాన్పించొద్దు సార్. అలాగని ఆమె అడిగినట్టు రేపే రిఫరీ దారి పట్టించనూ వద్దు.

ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో రగ్బీ రిఫరీగా నెల జీతం మీద ఇల్లు నడుస్తుందని నేను చెప్పలేను. టోర్నమెంటుకు పిలుస్తారు, రానుపోను ఖర్చులు, బస, రోజు భత్యం ఇస్తారు. అంతవరకే. 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లు, అందులో హైదరాబాద్ హీరోస్ ఒకటి, కప్పు చెన్నై బుల్స్‌ది. మంచి మొదలే. కానీ రెండు వారాల్లో ముగిసిపోయే లీగును నమ్ముకుని ఏడాది పొడుగునా బతకలేం కదా.

రగ్బీ బాగా ముదిరిన దేశాల్లో కూడా ఈ పని చాలామందికి రెండో వృత్తే. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్లో ఆటగాళ్లకు బాహాటంగా జీతాలివ్వడం 1995లోనే మొదలైంది. పూర్తి జీతం మీద విజిల్ వేసేవాళ్లు ఇప్పటికీ కొద్దిమందే. అంతర్జాతీయ మ్యాచులు 111 నడిపి రికార్డు సాధించిన ఇంగ్లండ్ రిఫరీ వేన్ బార్న్స్ చదివింది లా. ఆయన బారిస్టర్. రిఫరీగా ఎంత పేరొచ్చినా ఆ నల్లకోటు వదల్లేదు. మీ అమ్మాయికి ఈ ఒక్క ముక్క నా మాటగా చెప్పండి, డిగ్రీ ఎందుకన్న గొడవ వస్తే సగం తీరుతుంది.

బార్న్స్ పేరెత్తాను కాబట్టి ఆయన కథలో ఇంకొంచెం చెప్పాలి. 2007 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, కార్డిఫ్‌లో. న్యూజిలాండ్ మీద ఫ్రాన్స్ 20-18తో గెలిచింది. బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై. ఆ గెలుపు తెచ్చిన ట్రైకి ముందు బంతి ముందుకు విసిరారు, అంటే ఫార్వర్డ్ పాస్, రగ్బీలో అది తప్పు. బార్న్స్ దాన్ని పట్టుకోలేకపోయాడు. అప్పటికి ఆయన వయసు 28. న్యూజిలాండ్ జనం ఏళ్ల తరబడి ఆయన్ని తిట్టిపోశారు. పదహారేళ్ల తర్వాత, 2023 ఫైనల్ నడిపిందీ ఆయనే. అందులోనే న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు ముందు ఎల్లో, వీడియో పరిశీలన తర్వాత రెడ్ పడింది. పురుషుల ప్రపంచ కప్ ఫైనల్లో రెడ్ కార్డు అదే మొదటిది. దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. బార్న్స్ విజిల్ పక్కన పెట్టేశాడు. ఆ మ్యాచులో టీవీ తెర ముందు కూర్చుని వీడియో చూసిన టీఎంఓ టామ్ ఫోలీ కూడా, ఆన్‌లైన్ తిట్లూ బెదిరింపులూ తట్టుకోలేక కొద్ది వారాల్లోనే అంతర్జాతీయ మ్యాచులకు దూరం జరిగాడు. మీ అమ్మాయి కావాలంటున్న కుర్చీ అది. తిట్టడంలో ఆమెకు అనుభవం ఉంది, తిట్లు తినడంలో లేదు.

ఇక ఆ నోటుబుక్కు. మీరు దాన్ని పిచ్చి అనుకుంటున్నారేమో, నాకైతే మీ ఉత్తరం మొత్తంలో ఆశ పుట్టించింది అదే. పదిహేడేళ్ల పిల్ల నిద్ర మానుకుని రక్‌లో, అంటే నేల మీది బంతి కోసం జరిగే తోపులాటలో, ఎవరి చెయ్యి ఎక్కడుందో చూస్తోందంటే ఆ కన్ను ఊరికే రాదు. కాకపోతే ఆమె రాసుకున్న తప్పుల్లో సగం తప్పులు కాకపోవచ్చు.

రగ్బీలో అడ్వాంటేజ్ అని ఒక నియమం ఉంది. నీలం జట్టు అమ్మాయి చేతిలోంచి బంతి ముందుకు జారింది, అది నాక్ ఆన్. ఎర్ర జట్టు ఆ బంతి అందుకుని పరుగు తీసింది. రిఫరీ చూశాడు, విజిల్ వెయ్యలేదు, చెయ్యి మాత్రం చాపాడు. ఎర్ర జట్టుకు లాభం కలిస్తే ఆట అలాగే సాగిపోతుంది. కలవకపోతే వెనక్కి పిలిచి తప్పు జరిగిన చోటినుంచి మొదలెడతాడు. ఫోన్లో చూసేవాళ్లకు అది వదిలేసిన తప్పులా కనిపిస్తుంది. నిజానికి అక్కడ రిఫరీ తప్పు చూశాడు, దాని బరువు కూడా తూచాడు. ఆటకు ఏ తేడా రాని చిన్న తప్పుల్ని మంచి రిఫరీలు కావాలనే దాటేస్తారు. అన్నిటికీ విజిల్ వేస్తే ఎనభై నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు కూడా ఆట సాగదు.

అందుకని నోటుబుక్కులో ఇంకో గడి గీసుకోమనండి. విదేశీ మ్యాచుల్లో రిఫరీకి మైకు ఉంటుంది, ఆయన మాటలు మనకూ వినిపిస్తాయి. విజిల్‌కి ముందు ఆయన ఏమన్నాడో రాయాలి. "చెయ్యి తియ్", "పక్కకి దొర్లు", "వెనక్కి నిలబడు" ఇలా పొడి పొడి మాటలు అంటుంటాడు. ఆ మాట విని ఆటగాడు తగ్గాడా, తప్పే జరగదు. జరగని తప్పుకు లెక్క ఉండదు కాబట్టి మీ అమ్మాయి పుస్తకంలోకి అది ఎక్కడం లేదు. వారం రోజులు ఇలా రాస్తే రిఫరీ పనిలో నోరు ఎంత, విజిల్ ఎంత అన్నది ఆమెకే తెలుస్తుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను, నవ్వుకోండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో భీమిలి దగ్గర ఓ ఊళ్లో సంక్రాంతి కబడ్డీకి నన్ను విజిల్ వెయ్యమన్నారు. కూతకొచ్చిన కుర్రాడు బోనస్ గీత దాటాడో లేదో నేను నిలబడ్డ చోటికి కనపడలేదు. కనపడినట్టు చెయ్యెత్తేశాను. ఆ ఒక్క పాయింటుతో మొదలైన గొడవ మధ్యాహ్నం దాకా సాగింది. భోజనానికి రెండు జట్లవాళ్లూ నన్ను పిలవలేదు. నాకు రూల్సు బాగానే వచ్చు, రానిది ఎక్కడ నిలబడాలో. మీ అమ్మాయి టీవీలో చూసేది నాలుగు కెమెరాల వైపునుంచి, నెమ్మదిగా తిప్పి తిప్పి. గ్రౌండులో మనకున్నవి రెండే కళ్లు, ముందేమో ముప్ఫై కాళ్లు.

కార్డు విషయానికి వస్తే నేను రిఫరీ పక్షమే. అక్కడ ఆయన నిర్ణయం తప్పయి ఉండొచ్చు, అయినా సరే. రగ్బీలో రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కరే. మిగతావాళ్లు నోరెత్తితే పెనాల్టీ ఇంకో పది మీటర్లు ముందుకు జరుగుతుంది. పైగా మీ అమ్మాయి ఆడేది ఏడుగురి ఆట, సెవెన్స్. పదిహేను మంది ఆటలో ఎల్లో అంటే 80 నిమిషాల్లో 10 నిమిషాలు బయట. సెవెన్స్‌లో 14 నిమిషాల మ్యాచుకి 2 నిమిషాలు. వినడానికి రెండే కానీ లెక్క వేస్తే ఆటలో ఏడో వంతు, ఆ కాసేపు ఆరుగురే ఏడుగురి పని చెయ్యాలి. ఎంపీసీ పిల్లకి ఈ భిన్నం మనం చెప్పనక్కర్లేదు. పెద్ద పోటీల్లో ఇప్పుడు కొన్ని రెడ్ కార్డులకు 20 నిమిషాల తర్వాత వేరే ఆటగాణ్ణి దింపుకోనిస్తున్నారు, 2025 నుంచి దాన్ని విస్తృతంగా పరీక్షిస్తున్నారు కూడా. ఆమె ఆ వాదన ఎత్తితే ఒకటి అడగండి: ఆ సడలింపు ఎనభై నిమిషాల ఆటకి, నీ పద్నాలుగు నిమిషాల్లో ఎక్కడ దూరుతుంది?

ఇప్పుడు కోచ్. రిఫరీని తిట్టడం కంటే నాకు ఆ జెర్సీ లాగే పాఠమే ఎక్కువ గుచ్చుకుంది. 2009లో ఇంగ్లండ్ క్లబ్బు హార్లెక్విన్స్, ఐర్లండ్ జట్టు లెన్‌స్టర్ మీద ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గోల్ తన్నడంలో దిట్టయిన ఆటగాడు అప్పటికే బయటికి వచ్చేశాడు. తిరిగి పంపాలంటే లోపల ఎవరికో రక్తం కారాలి. టామ్ విలియమ్స్ అనే కుర్రాడు నోట్లో నకిలీ రక్తం గొట్టం కొరికాడు. ఎర్రటి నోటితో బయటికి నడుస్తూ కన్ను కూడా గీటాడు. అంత చేసినా 6-5తో ఓడిపోయారు. విచారణలో పైనున్న డీన్ రిచర్డ్స్‌కు మూడేళ్ల నిషేధం పడింది. మీకు చెప్పదల్చుకున్నది అది కాదు. చెప్పింది చేసిన కుర్రాడికి ముందు పన్నెండు నెలల నిషేధం వేశారు. నిజం ఒప్పుకున్నాకే అది నాలుగు నెలలకు తగ్గింది. "కోచ్ చెప్పాడు" అన్న మాట అతన్ని పూర్తిగా కాపాడలేదు.

మీ అమ్మాయి దీనికి ఎదురు ప్రశ్న వేస్తుందని నాకు తెలుసు. దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్‌గా ఉన్న రాసీ ఎరాస్మస్ 2021లో రిఫరీ తప్పులు ఎత్తి చూపిస్తూ 62 నిమిషాల వీడియో చేశాడు, రెండు నెలలు నిషేధం పడింది, అయినా 2023లో ఆయన జట్టే కప్పు గెలిచింది కదా అంటుంది. నిజమే, గెలిచింది. ఆయన 2019లోనే ప్రపంచ కప్ గెలిపించిన మనిషి, ఎన్ని నిషేధాలు పడినా ఆయనకు పని పోదు. జిల్లా జట్టులో పదిహేడేళ్ల పిల్ల రాష్ట్ర సెలెక్షన్స్‌కి వెళ్తే, ఆమె ఆట కంటే ముందు ఆ రెడ్ కార్డు కథ అక్కడికి చేరుతుంది. మన దగ్గర రగ్బీ లోకం చాలా చిన్నది సార్, అందరూ అందరికీ తెలుసు.

ఆ కోచ్‌ని మార్చాలా అంటే, ఒక్క ప్రశ్నతో తేల్చుకోండి. వాళ్లమ్మ భయానికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చిన పిల్లని ఆ రోజు మళ్లీ ఆడిస్తారా అని అడగండి. "ఆడించను" అని తడుముకోకుండా అంటే ఉండనివ్వండి, జెర్సీ సంగతి కూర్చుని మాట్లాడొచ్చు. "నీళ్లు కొడితే సర్దుకుంటుంది" అన్నాడా, ఆ సాయంత్రమే పిల్లని తీసుకొచ్చెయ్యండి. గుర్తించు, బయటికి పంపు, ఆ రోజుకి ఆట బంద్. ఇందులో బేరం లేదు.

చదువు గురించి క్లుప్తంగా చెప్తాను. కోపంలో పుట్టిన కోరిక మీద మొత్తం బతుకు పెట్టకూడదు కాబట్టి ఇంటర్ కాగానే వ్యాయామ విద్యలోకి దూకమనను. బీటెక్కో, స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీయో చేయనివ్వండి. అంకెలూ వీడియో రెండూ తెలిసినవాళ్లకు ఆటల్లో విశ్లేషకుల పని ఉంది. క్రికెట్ జట్లు, కబడ్డీ జట్లు వాళ్లను పెట్టుకుంటున్నాయి. మొన్న 2025 ఆగస్టులో ప్రో కబడ్డీ మన విశాఖలోనే మొదలైంది, ఆ డగౌట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లని మీరూ చూసే ఉంటారు. ఆమె నోటుబుక్కు ఆ పనికి మొదటి మెట్టు. డిగ్రీ అయ్యాక కూడా గ్రౌండే కావాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో బీపీఈడీ డిగ్రీ చెయ్యొచ్చు, మన ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లోనే ఆ విభాగం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 3 శాతం. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచర్ పోస్టులు భర్తీ చేశారు. అయితే ఏ స్థాయి పోటీ సర్టిఫికెట్ చెల్లుతుందో జీవోలో మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. సర్టిఫికెట్లు ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టండి.

విజిల్ పని మాత్రం ఈ వేసవిలోనే మొదలెట్టొచ్చు. వరల్డ్ రగ్బీ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. ఆట నియమాలు, తలదెబ్బల మీద అవగాహన, ముందు ఈ రెండూ పూర్తి చెయ్యమనండి. తర్వాత రిఫరీల మొదటి మెట్టు, లెవల్ వన్ శిక్షణ, ఎప్పుడు పెడుతున్నారో రాష్ట్ర సంఘాన్ని అడగాలి. దమ్ము చూసుకోవడానికి బ్రాంకో అనే పరుగు ఉంది: 20 మీటర్లు వెళ్లి రావాలి, 40 వెళ్లి రావాలి, 60 వెళ్లి రావాలి. అది ఒక సెట్టు. అలా ఆగకుండా ఐదు సెట్లు, మొత్తం 1200 మీటర్లు. ఏయూ గ్రౌండులో చెయ్యమనండి, ఆర్కే బీచ్ ఇసుకలో చేస్తే టైము చూసి ఏడుపొస్తుంది.

ఆడపిల్లకి ఈ పనేంటి అని ఇంటికొచ్చినవాళ్లు అంటారు కదా, వాళ్లకో జవాబు దగ్గర పెట్టుకోండి. స్కాట్లండ్ అమ్మాయి హోలీ డేవిడ్‌సన్ గాయంతో ఆట ఆగిపోయాక విజిల్ పట్టింది. 2022లోనూ 2025లోనూ మహిళల ప్రపంచ కప్ ఫైనల్ నడిపింది ఆమే. ఐర్లండ్‌కు ఆడిన జాయ్ నెవిల్ 2023లో పురుషుల ప్రపంచ కప్‌లో టీఎంఓగా కూర్చుంది, ఆ పని చేసిన మొదటి మహిళ ఆమే.

పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా వీటిలో ఏదీ వద్దు. అయిన మర్నాడు మీరిద్దరూ బండెక్కి, రెడ్ కార్డు చూపించిన ఆ రిఫరీ దగ్గరికి వెళ్లండి. మీరు మాట్లాడకండి, దూరంగా నిలబడండి. సారీ ఆమే చెప్పాలి. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ ఎత్తకూడదు. మీ తర్వాతి మ్యాచులో గీత పక్కన జెండా పట్టుకుని నిలబడనిస్తారా అని అడగాలి. సాధారణంగా కాదనరు, ఆ పనికి మనుషులు దొరక్క వాళ్లే వెతుక్కుంటుంటారు. ఆ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లల మ్యాచులు పది, మధ్యలో నిలబడి నడపాలి. పది అయ్యాక కూడా రిఫరీనవుతానంటే మళ్లీ నాకు రాయండి, అప్పుడు అసలు సలహా ఇస్తాను. జగదాంబ వైపు వెళ్లినప్పుడు విజిళ్లు రెండు కొనండి. ఒకటి ఇసుకలో పోతుంది.