ఆ గద్దని ఎగరేసెయ్ అమ్మడూ

అమ్మడూ,

బిజూ బాబు, అదే మన ఒడిశా బిజూ పట్నాయక్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగానే ఉంది గానీ, 1947 జూలైలో ఆయన, ఇండోనేషియాని మళ్ళీ పట్టుకోవాలని చూస్తున్న డచ్చోళ్ళ కళ్ళుగప్పి డకోటా విమానంలో జావా వెళ్ళి ఆ దేశం మొదటి ప్రధాని సుతాన్ షారిర్‌ని ఎక్కించుకొచ్చేశాడన్నది మన బరంపురంలో పకోడీల బండి దగ్గర నిలబడినా ఎవరో ఒకరు చెప్తారు, పక్కన ఆయన భార్య జ్ఞానమ్మగారు ఉన్నారని కూడా చెప్తారు, మరి నువ్వు కొత్తగా చెప్పిందేటి? "ఆకాశంలో గద్దలా" అన్నావు. నీ వయసులో నేనూ అదే గద్దని రాశాలే.

అది పేపర్లో పడ్డాక, గూడ్స్ షెడ్డులో గుమస్తాగా రిటైరైన తాత ఒకాయన టీ కొట్టు దగ్గర ఆపి, "అన్నీ సరే గానీ బాబూ, విమానంలో సరుకేటి వేశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయాను.

ఆ సరుకు వెంటపడు నువ్వు. షారిర్‌ని తెచ్చిన వారానికే, జూలై 29న బిజూ బాబుదే ఇంకో డకోటా, వీటీ-సీఎల్ఏ, మలయా రెడ్‌క్రాస్ ఇచ్చిన మందులేసుకుని సింగపూర్ నుంచి జావాలోని యోగ్యకర్తా వెళ్ళింది, దిగబోతుంటే డచ్ ఫైటర్లు కాల్చేశాయి. తొమ్మిది మందిలో ఒక్కడే మిగిలాడు, తోక వైపు కూర్చున్నవాడు. పోయినవాళ్ళలో అడిసుచిప్తో పేరు అక్కడ ఎయిర్‌పోర్టుకి పెట్టుకున్నారు. మనవాడు భీడా రామ్ అని ఫ్లైట్ ఇంజినీరు, అతనూ పోయాడు, నీ పది పేజీల్లో అతని పేరు ఒక్కసారైనా రాలేదు.

ఇంకోటి, బియ్యం. 1946లో మనకి తిండిగింజల్లేక అల్లాడుతుంటే, అప్పటికి యుద్ధంలోనే ఉన్న షారిర్ ప్రభుత్వం 5 లక్షల టన్నులు ఇస్తామంది, బదులుగా బట్టలు, పొలం పనిముట్లు అడిగింది. మా అమ్మ రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తిట్టుకునే రోజులవి, నాకైతే గద్ద కంటే ఆ చేటే నచ్చుద్ది. మనం సాయం చేశాం, మనం సాయం చేశాం అని ఊదరగొట్టకు, ముందు వాళ్ళే అన్నం పెడతామన్నారు.

జావాలోనే ఉన్న సురబయా ఊరి సంగతి కూడా దాచకు. 1945లో బ్రిటిషోళ్ళు అక్కడ దింపిన 49వ బ్రిగేడ్ మన సిపాయిలదే, ఇండోనేషియా వాళ్ళ మీద కాల్చింది కూడా మనవాళ్ళే, ఆ తర్వాత కొందరు తుపాకీతో సహా అటువైపు వెళ్ళిపోయారు. రాయడానికి ఇబ్బందిగానే ఉంటుంది, రాయి.

ఆదివారం ఇంటికి రా, టిఫిన్ ఇక్కడే. రెండో పేజీలో గద్దని మాత్రం ఎగరేసి తీసుకురా.

పెదనాన్న