కాకుల గుంపును ఇంగ్లీషులో ‘మర్డర్’ అంటారా?

అంటారు, కానీ ఎక్కువగా పదవినోదాల్లోనే. మామూలు సంభాషణలో ఇంగ్లీషువాళ్లు కూడా ‘ఫ్లాక్’ అనే అంటారు, మనం పిట్టల గుంపు అన్నట్టు.

ఈ పేర్లలో చాలావాటికి పాత ఆధారం 1486లో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో అచ్చయిన ఒక పుస్తకం. డేగవేట, వేట, వంశచిహ్నాల గురించి కులీనులకు చెప్పేందుకు రాసినది. అందులోని సమూహనామాల జాబితాలో కాకులకు ‘మర్డర్’, లార్క్ పిట్టలకు ‘ఎగ్జాల్టేషన్’ (ఉల్లాసం), మన గోరువంకలకు చుట్టాలైన స్టార్లింగులకు ‘మర్మరేషన్’ (గుసగుస) కనిపిస్తాయి. అదే జాబితాలో సన్యాసినులకు ‘అవసరానికి మించినవారు’ అనే అర్థం వచ్చే మాట ఉంది! పెద్దబాతులకు (గూస్) వాడిన ‘గ్యాగిల్’‌నే ఆడవాళ్లకూ తగిలించారు. కాబట్టి ఇందులో శాస్త్రం తక్కువ, చమత్కారం ఎక్కువ అని నా అభిప్రాయం. గుడ్లగూబల ‘పార్లమెంట్’ మాత్రం ఆ జాబితాలోది కాదు, చాలా తర్వాత వచ్చి చేరింది.

పుస్తకాల్లో ఇలాంటి పేర్ల పక్కన పిట్టల బొమ్మలను చెక్క దిమ్మ మీద చెక్కి అచ్చువేయడం వెనుక ఇంగ్లండులోని న్యూకాసిల్ కళాకారుడు థామస్ బ్యూయిక్ ప్రభావం ఉంది. బ్రిటిష్ పక్షులపై ఆయన గ్రంథం 1797లో ఒక సంపుటం, 1804లో మరొకటిగా వచ్చింది. చెక్కను నిలువునా కాక అడ్డంగా కోసి, గట్టి బాక్స్‌వుడ్ అడ్డకోత ముఖం మీద సన్నని ఉక్కు ఉలితో ఈకఈకా చెక్కేవారు. ఉలి తీసేసిన చోట తెలుపు, మిగిలిన చోట సిరా. ఆ దిమ్మను అచ్చక్షరాల పక్కనే బిగించి ఒకేసారి ముద్రించవచ్చు. రాగి రేకు మీద చెక్కిన బొమ్మలకు ఆ వీలు లేదు.

మనకూ ‘కొంగల బారు’ ఉంది. ఆకాశంలో వరుస కట్టి ఎగిరే కొంగలను చూసినవారికి ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.